ఉద్యోగం మానెయ్యాలా, నాటకం మానెయ్యాలా?

ప్రశ్న: మేష్టారికి నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గర పల్లెటూరు. నా వయసు 26. ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్తున్నాను. కాలేజీ రోజుల నుంచి నాటకాలు రాస్తున్నాను, పిల్లల చేత వేయిస్తున్నాను. ఎచ్చెర్ల వైపు సముద్రం ఒడ్డున మా పిన్ని వాళ్ళ ఊరు. అక్కడి మగవాళ్ళు గుజరాత్‌లోని వేరావల్‌కి బోటు పనికి వెళ్తారు. వాళ్ళ కోసం ఎదురుచూసే ఆడవాళ్ళ మీద యాభై నిమిషాల ఏకపాత్ర రాసుకుని, నేనే డైరెక్ట్ చేసుకుని, నేనే ఆడుతున్నాను. ఏడు పాత్రలూ నేనే. కొన్నిచోట్ల వేశాను. చూసినవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు, దుశ్శాలువా కప్పారు, రూపాయి మాత్రం ఎవరూ ఇవ్వలేదు. నాటక పోటీలు పెట్టే ఒక పరిషత్తు వాళ్ళు ఇది పోటీలో ఏ విభాగంలోకీ రాదన్నారు. ఇంకొకాయన, యాస తీసేసి రాయమ్మా, బయటి జిల్లాలవాళ్ళకి అర్థం కాదన్నారు. వచ్చే జూన్‌లో ఉద్యోగం మానేసి పూర్తిగా నాటకంలోకి వచ్చేయాలని ఉంది. అమ్మ ఒప్పుకోవడం లేదు. కుట్టుపని చేసి నన్ను చదివించింది. "నాటకాలు కూడెడతాయేటే?" అంటోంది. రాయడం, డైరెక్షన్, ఒంటరిగా ఆడడం ఈ మూడూ కలిపి బతుకుతెరువు అవుతాయా? మీ అమ్మాయిలాంటిదాన్ని, నువ్వు అనే రాయండి. పేరు వెయ్యొద్దు.

జవాబు:

అమ్మా,

నీ ఉత్తరం మొత్తంలో అన్నిటికంటే సూటి ప్రశ్న మీ అమ్మగారిది. దానికే ముందు జవాబు చెప్తాను. నాటకాలు కూడు పెడతాయి. అయితే నెలనెలా ఒకటో తారీఖున పెట్టవు, మొదటి రెండు మూడేళ్ళు అసలు పెట్టవు. కాబట్టి జూన్‌లో రాజీనామా ఇవ్వొద్దు. నాటకం మాత్రం ఒక్క నెల కూడా ఆపొద్దు. ఈ రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయో వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదువు.

రాయడం, డైరెక్ట్ చెయ్యడం, ఒంటరిగా ఆడడం ఈ మూడూ ఒక్క మనిషే చేసి పేరు తెచ్చుకున్న దాఖలా ఎక్కడో దూరాన వెతకక్కర్లేదు. బొబ్బిలి దగ్గర అజ్జాడలో 1864లో పుట్టిన ఆదిభట్ల నారాయణదాసుగారు కథ తనే రాసుకునేవారు, వరసలు తనే కట్టుకునేవారు. కాళ్ళకి గజ్జెలు, చేతిలో చిరతలు, అంతే సరంజామా. రాజూ ఆయనే, రాణీ ఆయనే, బంటూ ఆయనే. హరికథ అంటే గుడి దగ్గర జరిగే కార్యక్రమం అనుకుని మన నాటకాలవాళ్ళు దాన్ని పక్కన పెట్టేశారు గానీ, ఒక్క మనిషి అన్ని పాత్రలూ మోసే నాటకానికి అంతకంటే గొప్ప బడి తెలుగులో లేదని నా నమ్మకం. అలాంటి ఆయనకి కూడా విజయనగరం రాజు ఆనందగజపతి ఆస్థానం అండగా ఉంది. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టినప్పుడు మొదటి ప్రిన్సిపాల్ ఆయనే. అంటే అంతటి విద్వాంసుడికీ జీతం ఉంది.

తర్వాతి తరంలోనూ అదే వరస. జె.వి. సోమయాజులుగారు, ఆయన తమ్ముడు రమణమూర్తిగారు విజయనగరం నుంచి ఏళ్ళ తరబడి కన్యాశుల్కం ఆడారు. రమణమూర్తిగారు గిరీశం, సోమయాజులుగారు రామప్ప పంతులు. సోమయాజులుగారు రెవెన్యూ శాఖలో పనిచేసి డిప్యూటీ కలెక్టర్ దాకా వెళ్ళారు. 1980లో శంకరాభరణంతో దేశమంతా ఆయన్ని చూసేనాటికి వయసు యాభై దాటింది. విజయనగరంలో పుట్టిన గొల్లపూడి మారుతీరావుగారు నాటకాలు రాస్తూ ఆకాశవాణిలో పనిచేశారు. పార్వతీపురం వైపు పెదబొండపల్లి నుంచి వచ్చిన వంగపండు ప్రసాదరావుగారు విశాఖ షిప్‌యార్డులో ఉద్యోగం చేశారు. ఉద్యోగం చేశారు కాబట్టి వీళ్ళ కళ తక్కువైందని ఎవరైనా అనగలరా? ఈ మాట మీ అమ్మగారికి కూడా చదివి వినిపించు.

అయితే నీ ఉద్యోగం వాళ్ళ ఉద్యోగాల్లాంటిది కాదు. అది నాకు తెలుసు. ప్రైవేటు స్కూలంటే జీతం తక్కువ, చాకిరీ ఎక్కువ. ఆదివారం కూడా స్పెషల్ క్లాసులంటారు, అడ్మిషన్ల కోసం ఎండలో ఇల్లిల్లూ తిరగమంటారు. రాత్రి ఇంటికొచ్చి పేపర్లు దిద్దాక రిహార్సల్‌కి ఒంట్లో ఏం మిగులుతుంది? కాబట్టి నీ అసలు సమస్య ఉద్యోగం ఉండడం కాదనుకుంటాను. ఈ ఉద్యోగం నీ టైమంతా తినెయ్యడం. జూన్‌లో మానెయ్యడానికి బదులు ఆ జూన్‌లో బేరం ఆడు. వారానికి ఇన్ని పీరియడ్లే చెప్తాను, శనివారం మధ్యాహ్నం నుంచి నాకు సెలవు కావాలి, ఆ మేరకు జీతం తగ్గించుకోండి అని అడుగు. తెలుగు చెప్తూ పిల్లల చేత నాటకం కూడా వేయించే టీచర్‌ని ఏ యాజమాన్యమూ తేలిగ్గా వదులుకోదు, యాన్యువల్ డే నాడు వాళ్ళకి పేరొచ్చేది నీ వల్లే. ఒప్పుకోకపోతే ఒప్పుకునే స్కూలు వెతుక్కో. ఈ ఏడాది వెతుకులాటంతా దానిమీద పెట్టు.

ఇక అసలు విషయం. మూడు పనులూ నేనే చేస్తున్నానని రాశావు. రాయడం నీదే ఉండాలి. ఆడడం నీదే ఉండాలి. ఈ ఒక్క నాటకానికి డైరెక్షన్ మాత్రం ఇంకొకరికి ఇవ్వు. అలాగని నువ్వు డైరెక్షన్ మానెయ్యమని కాదు. పిల్లల నాటికలు, స్నేహితుల నాటికలు ఎన్నైనా డైరెక్ట్ చెయ్యి, చేతికి పని రావాలి. కానీ స్టేజీ మీద నువ్వొక్కదానివే ఉన్నప్పుడు కింద కూర్చుని నిన్ను చూసే మనిషి ఒకరు కావాలి. ఫోన్‌లో వీడియో తీసుకుని చూసుకుంటే సరిపోదా అంటావేమో. సరిపోదు. వీడియోలో నీకు నీ మొహం కనిపిస్తుంది, జనానికి ఎక్కడ విసుగొచ్చిందో కనిపించదు. ఆ మనిషి పెద్ద డైరెక్టరే కానక్కర్లేదు. "ఇక్కడ నాకు అత్త ఎవరో కోడలెవరో తెలీలేదు" అని మొహమాటం లేకుండా చెప్పగలిగితే చాలు.

నీ నాటకం నేను చూడలేదు. కానీ ఏడు పాత్రలు ఒక్కరే ఆడే ప్రతి కుర్రవాడూ, ప్రతి పిల్లా ఒక చోట తడబడడం చూశాను. కోడలు మాట కుడివైపు తిరిగి చెప్తారు, అత్త మాట ఎడమవైపు తిరిగి చెప్తారు. రెండు నిమిషాలు బాగానే ఉంటుంది. మూడో నిమిషానికి జనానికి తల తిప్పడమే కనిపిస్తుంది, మాట వినిపించదు. అటూ ఇటూ తిరగడం మానేసి చూపు ఎత్తు మార్చు. మీ పిన్ని వాళ్ళ ఊళ్ళో అత్త నేల మీద కూర్చుని వల బాగుచేస్తూ ఉంటుంది అనుకుందాం. కోడలు నిలబడి ఉంది. కోడలు మాట్లాడేటప్పుడు నీ చూపు కిందకి, నీ కాళ్ళకి రెండు బారల దూరంలో ఒకే చోట పడాలి. అత్త మాట్లాడేటప్పుడు నువ్వు కూర్చోనక్కర్లేదు. మోకాళ్ళు కాస్త వంచి, భుజాలు కిందికి వదిలి, కళ్ళు మాత్రం పైకెత్తు. చేతులు వల మీద పని ఆపకూడదు. అత్త కళ్ళెత్తేది ఎప్పుడో ఒకసారి, మాట గుచ్చుకోవాల్సిన చోట. మిగతాదంతా వలతోనే చెప్తున్నట్టు చెప్పాలి. అప్పుడు ఆ రెండు బారల జాగాలో జనానికి నిజంగా ఇద్దరు మనుషులు కనిపిస్తారు.

వేరావల్ అంటున్నావు కాబట్టి నీ నాటకంలో ఫోన్ సీన్ ఉండే ఉంటుంది. అందులో అవతలి మనిషి మాటలు నువ్వు చెప్పొద్దు. ఒక్కటి కూడా వద్దు. బోటు ఓనరో, మేస్త్రీయో ఏం చెప్పాడన్నది విన్నదాని మొహం మీద తెలియాలి. "ఊఁ" అనడంలో ఎన్ని రకాలుంటాయో మన ఆడవాళ్ళని విని నేర్చుకో. మొగుడు డబ్బు పంపాడన్న ఊఁ వేరు, ఇంకో రెండు నెలలు రాడన్న ఊఁ వేరు, పక్కనున్న అత్తకి తెలియకూడదని అణిచిపెట్టిన ఊఁ వేరు. ఇలా చేస్తే ఏడు పాత్రల్లో రెండు మూడు వాటంతట అవే తగ్గిపోతాయి, యాభై నిమిషాలు నలభైకి వస్తుంది. నలభై నిమిషాలే మంచి కొలత. కాలేజీలో ఒక పీరియడ్‌లో పడుతుంది, సంఘాల సభల్లో భోజనాల ముందు పడుతుంది, పల్లెలో చంటిపిల్లలు నిద్రకి ఏడవకముందే అయిపోతుంది.

దీనికి మన దగ్గరే పాఠాలున్నాయి, చూసిరా. జముకు అనే వాద్యం వాయిస్తూ జముకుల కథ చెప్పేవాళ్ళు కథకుడిగా ఉంటూనే ఒక్క అడుగు వేసి పాత్రలోకి ఎలా వెళ్తారో, మళ్ళీ ఎలా బయటికొస్తారో గమనించు. మన ఉత్తరాంధ్ర వీధి నాటకం తూర్పు భాగోతంలో సత్యభామ మద్దెలతో ఎలా జవాబులాడుతుందో చూడు. బయటివాళ్ళలో భారత కథని పాడుతూ ఆడి చెప్పే ఛత్తీస్‌గఢ్ పండవానీ కళాకారిణి తీజన్ బాయి వీడియోలు చూడు. చేతిలో ఒకటే తంబూరా. అదే భీముడి గద, అదే అర్జునుడి విల్లు. ఆడవాళ్ళు కూర్చుని పాడాలనే ఆనవాయితీ ఉన్న కళలో ఆవిడ మగవాళ్ళలాగా నిలబడి ఆడింది. దానికి ఊరూ ఇల్లూ ఆవిడ్ని వెలేసినంత పని చేశాయి. 2019లో పద్మవిభూషణ్ వచ్చింది. నీకు ఆవిడ నుంచి కావాల్సింది పద్మవిభూషణ్ కథ కాదు, ఆ తంబూరా. నువ్వు స్టేజీ మీదకి తీసుకెళ్ళే వస్తువు ఒక్కటే ఉండాలి, అది అన్నీ కావాలి. వల ముక్క ఒకటి చాలు నీకు.

యాస సంగతి. యాస తియ్యొద్దు. ఆ సలహా ఇచ్చినాయన మంచి మనసుతోనే ఇచ్చి ఉంటారు. కానీ 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడిన కన్యాశుల్కం ఈ ప్రాంతపు మాటలతోనే తెలుగుదేశమంతా తిరిగింది. ఎవరికీ అర్థం కాకుండా పోలేదు. మత్స్యకారుల ఇంట్లో కోడలు పుస్తకం భాష మాట్లాడితే ఆ మనిషే అబద్ధం అయిపోతుంది. అయితే ఒక జాగ్రత్త ఉంది. టీవీల్లో, సినిమాల్లో మన యాసని నవ్వించడానికి వాడివాడి జనానికి అలవాటైపోయింది. నువ్వు నోరు తెరిచి "ఏటి" అనగానే ముందు వరసలో ఎవరో ఒకరు నవ్వుతారు. మొదటి ఐదు నిమిషాల్లో ఆ నవ్వు చల్లారాలి. అందుకని మొదటి సీన్‌లో మాటలు తక్కువ పెట్టి పని ఎక్కువ చూపించు. ఆవిడ చేపలు ఎండబెడుతుందా, ఇసకలో కూర్చుని ఏరుతుందా, ఆ పని నిజంగా వచ్చినదానిలా చెయ్యి. పని చేసే మనిషిని చూసి ఎవరూ నవ్వరు. తర్వాత యాస వాళ్ళ చెవికి మామూలు అయిపోతుంది.

ఇంకో పెద్ద బాధ్యత నీ మీద ఉంది. ఇది నీ ఉత్తరంలో లేదు గానీ నేనే చెప్తున్నాను. 2018 నవంబరులో గుజరాత్ నుంచి వేటకి వెళ్ళిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారుల్ని పాకిస్తాన్ వాళ్ళు పట్టుకుపోయారు. 2020 జనవరిలో గానీ వదల్లేదు. ఆ పదమూడు నెలల పైచిలుకూ ఆ ఇళ్ళల్లో ఎలా గడిచిందో నీకు మీ పిన్ని ద్వారా తెలిసే ఉంటుంది. ఆ ఆడవాళ్ళు ఇప్పటికీ ఆ ఊళ్ళల్లోనే ఉన్నారు. ఎవరి కథ ఎవరిదో ఊరందరికీ తెలుసు. కాబట్టి పేర్లు మార్చడం ఒక్కటే చాలదు. ఫలానా ఆవిడే అని గుర్తుపట్టే గుర్తులు కూడా మార్చు. ఆమదాలవలసలో, శ్రీకాకుళంలో ఎన్నిసార్లు ఆడావో గానీ, పిన్ని వాళ్ళ ఊళ్ళో ఆడానని రాయలేదు. అక్కడ ఆడు. స్టేజీ, మైకు ఏమీ వద్దు. సాయంత్రం పూట ఏ రామమందిరం అరుగు ముందో ఆడవాళ్ళని మాత్రం కూర్చోబెట్టి ఆడు. అయ్యాక కూర్చుని అడుగు. ఫలానా మాట తీసెయ్యమంటే నీకు ఎంత ఇష్టమైన డైలాగయినా తీసెయ్యి. వాళ్ళు తప్పని చెప్పినవి సరిచెయ్యి. వాళ్ళు నవ్వుకున్న చోటు గుర్తుపెట్టుకో, అంత బాధలోనూ వాళ్ళు దేనికి నవ్వుతారో తెలిస్తే నీ నాటకం ఇంకో మెట్టు ఎక్కుతుంది. ఆ ఒక్క ఆట మాత్రం ఉచితం.

మిగతా ఆటలకి డబ్బు అడగాలి. నోరు తెరిచి అడగాలి. దుశ్శాలువా కప్పినవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. నువ్వు అడగలేదు కాబట్టి ఇవ్వలేదు. మైకు సెట్టువాడికి ఇస్తారు, టెంటువాడికి ఇస్తారు, ఆటో అతనికి ఇస్తారు. ఆడే మనిషికి ఇవ్వాలన్న ఆలోచనే రాదు, ఎందుకంటే వాళ్ళు ముందే రేటు చెప్తారు, మనం చెప్పం. ఎంత అడగాలో లెక్క వేసుకో. రానూపోనూ ఛార్జీలు, తిండి, నీతో వచ్చే మనిషి కూలి, నీ ఆ రోజు జీతం, దానిమీద రిహార్సల్స్‌కి కొంత. అంతకంటే తక్కువకి వెళ్తే నీ జేబులోంచి పెట్టి ఆడుతున్నట్టే. ఒప్పుకున్నాక సగం ముందు పంపించమని వాట్సాప్‌లో మెసేజ్ పెట్టు. తేదీ, టైము, ఊరు, డబ్బు, రాత్రయితే బస ఎక్కడ, తిరిగి ఎలా దింపుతారు, అన్నీ ఆ ఒక్క మెసేజ్‌లో ఉండాలి. ఆడపిల్లవి కాబట్టి బస సంగతి మొహమాటపడకుండా ముందే తేల్చుకో. వేరే గది, నీతో ఇంకొకరు. ఈ రెండూ కుదరని చోటికి ఎంత డబ్బిచ్చినా వెళ్ళకు.

ఇక్కడే ఏకపాత్రకి ఉన్న పెద్ద సౌకర్యం కనిపిస్తుంది. ఒక నాటిక బయటి ఊరికి తీసుకెళ్ళాలంటే పదిమంది ఆర్టిస్టులు, సెట్టు, మేకప్, లైటింగ్, వ్యాను. పిలిచేవాడికి భారం, వెళ్ళేవాడికి అప్పు. నువ్వయితే ఒక సంచీతో పాసింజర్ రైలెక్కి వెళ్ళొచ్చు. అందుకే పరిషత్తు మీద పెద్దగా బెంగ పెట్టుకోకు. పరిషత్తులు మంచివే, తెలుగు నాటకాన్ని ఇన్నాళ్ళు నిలబెట్టింది అవే. కానీ అక్కడ చూసేవాళ్ళలో చాలామంది నాటకాలవాళ్ళే. నీ ఆటకి వేరే జనం కావాలి. ఉపాధ్యాయ సంఘాల మహాసభలు, ఉద్యోగ సంఘాల సభలు, కాలేజీల తెలుగు శాఖలు, మహిళా సంఘాలు, గ్రంథాలయ వారోత్సవాలు, అమ్మవారి పండగలు. వీటిలో చాలావాటికి సాంస్కృతిక కార్యక్రమానికని కొంత డబ్బు ఉంటుంది. ఎవరో ఒకరికి పోయే ఆ డబ్బు నీకు రావాలి. ఊరి పండగల్లో ఆడేటప్పుడు మాత్రం రాత్రి పది తర్వాత మైకు పెట్టకూడదని గుర్తుంచుకో, ముందు ఆట నీకే ఇమ్మని అడుగు. ఇంకొకటి, హ్యాండ్ మైకుతో ఏకపాత్ర ఆడకు. ఒక చెయ్యి పోయినట్టే. కాలర్ మైకు ఒకటి నీదే కొనుక్కుని సంచీలో పెట్టుకో. నీ మొదటి పెట్టుబడి అదే అవ్వాలి.

పరిషత్తులకి నటిగా వెళ్ళడం మాత్రం మంచి ఆలోచన. నాటక సమాజాలకి ఆడ ఆర్టిస్టులు ఎప్పుడూ కరువే, ప్రదర్శనకి ఇంత అని పారితోషికం ఇస్తారు. వేరేవాళ్ళు రాసిన మాటలు, వేరే డైరెక్టర్ల పద్ధతులు తెలుస్తాయి. ఏడాదికి ఒక సమాజంతో చెయ్యి చాలు. రేడియో కూడా మరిచిపోకు, విశాఖ ఆకాశవాణిలో డ్రామా ఆడిషన్‌కి అప్లై చెయ్యి, గొంతుతో మాత్రమే పాత్ర కట్టడం అక్కడ వచ్చినట్టు ఇంకెక్కడా రాదు. సినిమావాళ్ళకి ఇప్పుడు మన యాస తెలిసినవాళ్ళు కావాలి, పిలిస్తే వెళ్ళు, దానికోసం ఎదురుచూడకు.

రాసేదాని గురించి రెండు ముక్కలు. నీ స్క్రిప్టు మీద హక్కు నువ్వు రాసిన క్షణం నుంచి నీదే, రిజిస్టర్ చెయ్యకపోయినా నీదే. ఎవరైనా ఆడతామంటే రాతపూర్వకంగా అనుమతి ఇచ్చి, ఎంతో కొంత తీసుకో. అలాగే నువ్వు వేరేవాళ్ళ కథని నాటకం చేస్తే రచయితని, ఆయన లేకపోతే వారసుల్ని అడిగి తీరాలి. రచయిత పోయాక అరవై ఏళ్ళదాకా ఆ హక్కు ఉంటుంది. గురజాడ 1915లో పోయారు, ఆయన రచనలకి ఎవర్నీ అడగక్కర్లేదు. తర్వాతి నాటకానికి ఏం రాయాలో తోచకపోతే శ్రీకాకుళంలోనే కథానిలయం ఉంది, కాళీపట్నం రామారావు మేష్టారు 1997లో పెట్టింది. తెలుగు కథలన్నీ ఒకచోట పోగుచెయ్యాలని పెట్టిన ఇల్లు అది. సెలవు రోజు పొద్దున్నే వెళ్ళి సాయంత్రందాకా కూర్చో. నాటకం చెయ్యడానికని చదవకు, ఊరికే చదువు. రాసే మనిషికి అదే మేత.

చదువు సంగతి అడగలేదు గానీ, నీ వయసు 26 అన్నావు కాబట్టి ఇది తొందరగా తేల్చుకోవాల్సిన విషయం. ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో మూడేళ్ళ కోర్సుకి 30 ఏళ్ళలోపు ఉండాలి, డిగ్రీ ఉండాలి, కొన్ని నాటకాల్లో పనిచేసిన అనుభవం కాగితాల మీద చూపించాలి, హిందీ ఇంగ్లీషు నడవాలి. స్టైపెండ్ ఇస్తారు. కాబట్టి ఇకనుంచి ఆడిన ప్రతి ఆటకీ కరపత్రం, ఫోటో, పేపర్లో వచ్చిన వార్త ఒక ఫైల్లో పెట్టు. అంత దూరం వద్దనుకుంటే విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ ఉంది, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రెండేళ్ళ పీజీ ఉంది. కేంద్ర సాంస్కృతిక శాఖ ఇచ్చే జూనియర్ ఫెలోషిప్ కూడా నీకు సరిపోతుంది. 25 నుంచి 40 ఏళ్ళవాళ్ళకి రెండేళ్ళపాటు నెలకి 10,000 రూపాయలు ఇస్తూ వస్తున్నారు. ఆ శాఖ కిందే ఉన్న సీసీఆర్‌టీ అనే సంస్థ వెబ్‌సైట్‌లో నోటిఫికేషన్ పడుతుంది, అప్పటి నిబంధనలు చూసుకుని అప్లై చెయ్యి. తీర ప్రాంతపు ఆడవాళ్ళ మాటలు, పాటలు పోగుచేసి ఏకపాత్రలు రాస్తానని ప్రాజెక్టు పెట్టావంటే నీ పనికి అది సరిగ్గా అతుకుతుంది. ఇందులో ఏదైనా వచ్చినప్పుడు స్కూలు ఉద్యోగం మానెయ్. అప్పుడు అమ్మగారికి కూడా చెప్పుకోవడానికి ఒక ఆధారం ఉంటుంది.

ఇవేవీ రాకపోతే? అప్పుడూ ఒక గీత గీసుకో. ఈ సంక్రాంతి నుంచి వచ్చే సంక్రాంతిదాకా ఒక నోటుబుక్కులో ఆటల లెక్క రాయి. సంక్రాంతి నుంచి వేసవిదాకా ఆటలుంటాయి, పరీక్షల నెలలో తగ్గుతాయి, వానాకాలం దాదాపు ఏమీ ఉండవు. అది రాసుకునే కాలం, రిహార్సల్ కాలం. అందుకే ఏదో ఒక మంచి నెల చూసి మురిసిపోకుండా ఏడాది మొత్తం చూడాలంటున్నాను. ఖర్చులు పోను ఏడాదిలో మిగిలింది నీ జీతంలో సగానికి వచ్చి, బ్యాంకులో ఆరు నెలల ఇంటి ఖర్చు ఉంటే, అప్పుడు ధైర్యంగా మానెయ్. నా సలహా ఎవరైనా అడిగితే వాళ్ళకీ అదే చెప్తాను.

అమ్మగారి గురించి. ఆవిడ నీ నాటకం చూశారా లేదా నువ్వు రాయలేదు. చూడకపోతే పిన్ని వాళ్ళ ఊరి ఆటకి తీసుకెళ్ళు, చెల్లెలి ఊరే కదా, వస్తారు. చూసి ఒప్పేసుకుంటారని నేను మాటివ్వను. ఇన్నేళ్ళు మిషన్ తొక్కి ఇల్లు నడిపిన మనిషికి భయం ఒక్క సాయంత్రంలో పోదు, పోవాలని కూడా అనుకోకు. ఆవిడకి నోటుబుక్కు చూపిస్తూ ఉండు, మొదటిసారి వచ్చిన పారితోషికం తీసుకెళ్ళి ఆవిడ చేతిలో పెట్టు. సంబంధాలు వస్తున్నట్టయితే మాత్రం, అమ్మాయి నాటకాలాడుతుంది, పెళ్ళయ్యాక కూడా ఆడుతుంది అని మొదటి మాటలోనే చెప్పమను. దాచి చేసిన పెళ్ళిలో ముందు ఆగిపోయేది నీ ఆటే.

పిన్ని వాళ్ళ ఊళ్ళో ఆట అయ్యాక నాకు మళ్ళీ రాయి. వాళ్ళు ఏం తీసెయ్యమన్నారో, ఏం ఉంచమన్నారో కూడా రాయి. స్క్రిప్టు జత చేస్తే చదివి, ఎక్కడెక్కడ కుదించొచ్చో గుర్తులు పెట్టి పంపిస్తాను.